మెట్లు ఏమన్నాయి?

మార్చి 3, ఆదివారం

మైకు పాడైంది. మా ఆవిడ వాళ్ళక్క గారింటికి వెళ్ళింది. వాళ్ళక్కకి మోకాలు బాగాలేదు.

మార్చి 4, సోమవారం

నిన్న అంతకంటే రాయడానికి ఓపిక లేకపోయింది. ఇవాళ పొద్దున్నుంచీ కళ్ళద్దాల దుకాణంలోకి ఒక్క మనిషి రాలేదు. కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో నేనే కూర్చుని రాస్తున్నాను. ఎదురు గోడ మీద అక్షరాలు ఆఖరి వరస దాకా కనిపిస్తున్నాయి. నా కళ్ళకేం లోటు లేదు.

పదకొండేళ్ళుగా ఈతకొలను పైనున్న హాలులో ప్రతి ఆదివారం నాలుగింటికి సినిమా వేస్తున్నాను. మా ఫిల్మ్ క్లబ్బుకి సెక్రటరీని నేనే, మిషన్ తిప్పేది నేనే, కుర్చీలు వేసేదీ తీసేదీ నేనే. ప్రపంచంలో ఎక్కడెక్కడో, ఏ కాలంలోనో తీసిన గొప్ప సినిమాలు. మనుషులు గోడల్లోంచి నడిచి వెళ్ళిపోయేవి, చేపలు పెళ్ళికి వచ్చి భోజనాల బంతిలో కూర్చునేవి, కలలో కల, దాంట్లో మళ్ళీ ఇంకో కల. కింద ఈత మాస్టారు ఈల వేస్తూ ఉంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఈల కూడా సినిమాలోదే అనుకుంటారు.

ఆ భాషలు మాలో ఒక్కరికీ రావు. అందుకని మొదటినుంచీ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తెర పక్కన ఎత్తు స్టూలు మీద మా ఆవిడ కూర్చుని మైకులో కథ చెబుతూ ఉంటుంది. ఏమవుతోందో, ఎవరు ఎవరితో ఏమంటున్నారో, ఎవరి మనసులో ఏముందో. ఆసుపత్రి ఎంక్వయిరీ కౌంటర్లో రోజంతా జనానికి దారి చెప్పే మనిషి కదా, ఆవిడకి నోరు తిరగనిదంటూ లేదు. నేను ప్రతి సినిమాకీ నాలుగు పేజీల నోట్సు రాసిస్తాను. ఏ వస్తువు దేనికి గుర్తు, దర్శకుడి ఉద్దేశం ఏమిటి, విమర్శకులు ఏమన్నారు, అన్నీ. ఆవిడ దాన్ని బుద్ధిగా మడిచి, ఊగకుండా స్టూలు కాలి కింద పెడుతుంది. పదకొండేళ్ళలో ఒక్క పేజీ చదివితే ఒట్టు.

నిన్న వేసింది మెట్ల సినిమా. అసలు పేరు పలకడం మాకు చేతకాదు. ఒకావిడ మొగుడు ఒకనాడు పొద్దున్నే ఇంట్లో మెట్లయిపోతాడు. ఎందుకో చెప్పరు. ఆవిడ రోజూ ఆ మెట్లు తుడుస్తుంది, ఎక్కుతుంది, దిగుతుంది, కబుర్లు చెబుతుంది, ఒక్కోసారి తిట్టిపోస్తుంది. చివరికి ఇల్లు కూలగొట్టేస్తారు. మెట్లొక్కటే మైదానంలో మిగిలిపోతాయి, పైకి వెళ్తాయి గానీ ఎక్కడికీ చేరవు. ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఏదో అడుగుతుంది. ఏమడుగుతోందో భాష రాకపోయినా తెలుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత లేచి పైదాకా ఎక్కుతుంది. అంతే సినిమా. ఆ మెట్ల మౌనం మీదే నా నోట్సులో రెండున్నర పేజీలు ఉన్నాయి.

సరిగ్గా అక్కడే మైకు పాడైంది. మా ఆవిడ "అప్పుడు మెట్లు" అంది. ఆ తర్వాత మాట హాలులోకి రాలేదు. పెదవులు కదలడం మాత్రం అందరూ చూశారు.

ఆవిడ కాసేపు నా వంక చూసింది. స్టూలు దిగింది. చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఉన్నట్టుండి వాళ్ళక్క మోకాలు గుర్తొచ్చినట్టుంది.

మార్చి 6, బుధవారం

వదినకి ఫోన్ చేశాను. "మోకాలు ఎలా ఉంది వదినా?" అన్నాను.

"ఎవరి మోకాలు?" అంది.

పక్కనుంచి ఎవరో ఏదో అన్నారు. "ఆఁ, ఆఁ, ఒకటే నొప్పి" అని ఫోన్ పెట్టేసింది.

మోకాలి నొప్పి ఒక పట్టాన తగ్గదు. ఇంకో వారం పట్టొచ్చు.

మార్చి 8, శుక్రవారం

గుడ్లు ఉడకబెట్టాను. పగిలాయి.

మార్చి 10, ఆదివారం

ఇవాళ కల్నల్ సినిమా. మైకు ఇంకా బాగుచెయ్యలేదు. స్టూలు మీద నేనే కూర్చున్నాను. ఎంత పని ఇది, పదకొండేళ్ళుగా నోట్సు రాస్తున్నవాణ్ణి, చదవలేనా అనుకున్నాను. నోట్సు చేతిలో ఉండేసరికి కాలి కింద ఏమీ లేక స్టూలు ఊగిపోయింది. సినిమా అంతసేపూ పడవలో ఉన్నట్టే ఉంది.

సినిమా మొదలవుతూనే కల్నల్ కవాతు మైదానం మధ్యలో గుడ్డు పెడతాడు. తెల్లగా, ఫుట్‌బాల్ అంత. మిగతా సైన్యం నిటారుగా నిలబడి ఉంటుంది.

"ఈ గుడ్డు అధికారానికి గుర్తు" అని చదివాను.

"ఎవరికి పుట్టింది?" అన్నాడు లిఫ్టు మెకానిక్. అతనెప్పుడూ మొదటి వరసే.

"అది ముఖ్యం కాదు. అధికారం లోపల ఉండే డొల్లతనానికి..."

"పాపం, నొప్పులు పడలేదూ ఆయన?" అంది మా ఎదురింటి పిన్ని. "అంత గుడ్డు. ఎవరైనా మంచినీళ్ళయినా ఇచ్చారా?"

నోట్సంతా వెతికాను. మంచినీళ్ళ సంగతి ఎక్కడా లేదు. "ఆవిడైతే చెప్పేది" అని వెనక వరసలో ఎవరో అన్నారు. పళ్ళ డాక్టరు నోరు తెరిచి నిద్రపోయాడు. రిటైరైన జడ్జిగారు మర్యాదస్తుడు, ఇంటర్వెల్ దాకా ఉండి, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళిపోయారు. అరవై కుర్చీల్లో చివరికి పంతొమ్మిది మంది మిగిలారు. అందులో ఈత మాస్టారు ఒక కుర్చీ అడిగి తీసుకెళ్ళడానికి వచ్చినవాడు.

జనం అభిరుచి దిగజారిపోయింది. అంతకంటే ఏం లేదు.

మార్చి 12, మంగళవారం

లిఫ్టు మెకానిక్ కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. ఒక అద్దం పెట్టి, ఇంకో అద్దం మార్చి, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడిగాను.

"రెండూ ఒకలాగే ఉన్నాయండీ. అమ్మగారు ఎప్పుడొస్తారు?"

"వాళ్ళక్కకి మోకాలు."

"మొన్న వాళ్ళక్కగారు మా బిల్డింగులో నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళారే! లిఫ్టు రిపేరులో ఉంది, కాసేపు ఆగండమ్మా అంటే ఆగలేదు."

"గడ్డం ఎత్తకు. ఆఖరి వరస చదువు" అన్నాను.

చదివాడు. తడుముకోకుండా చదివాడు. కళ్ళకేం లేదు, ఊరికే వచ్చాడు. వెళ్తూ వెళ్తూ, మెట్ల సినిమా మళ్ళీ వెయ్యమని అందరూ అనుకుంటున్నారని చెప్పాడు. ఆ రోజు మైకు పాడవడంతో సరిగ్గా చూడలేదట.

మార్చి 14, గురువారం

ఆవిడ నుంచి ఫోన్ లేదు. ఫోన్ బాగానే ఉంది, దుకాణం నుంచి ఇంటికి చేసి చూశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఎవరెత్తుతారు, నేను దుకాణంలో ఉంటే.

మార్చి 17, ఆదివారం

ఇదేం ఖర్మ. రాయకపోతే మతి పోయేలా ఉంది.

మెట్ల సినిమా రెండోసారి. ఆవిడ వస్తుందనుకున్నారు కాబోలు, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. స్టూలు మీద నేను కనబడగానే హాలంతా నిట్టూర్చింది. సరే, కానిచ్చాను. ఆ సీను వచ్చినప్పుడు "ఇక్కడ మౌనం" అని చదివాను. సినిమా అయిపోయింది. లైట్లు వేశాను. ఎవరూ లేవలేదు.

"ఆ సీనేదీ?" అంది ఎదురింటి పిన్ని.

"ఏ సీను?"

"మెట్లు మాట్లాడే సీను."

"మెట్లు మాట్లాడవు పిన్నీ. మెట్లు కదా."

"నాకు చెబుతావేంటి! నా ఈ రెండు చెవులతో విన్నాను. రెండు వారాల క్రితం ఇదే కుర్చీలో కూర్చుని విన్నాను. ఏం చేశావు దాన్ని?"

నవ్వులాటకి అంటోందనుకున్నాను. కాదు. లిఫ్టు మెకానిక్ లేచి తనూ విన్నానన్నాడు. పళ్ళ డాక్టరు విన్నానన్నాడు. చూస్తూ ఉండగానే సగం హాలు లేచి నిలబడింది. పోయినసారి ఉన్న సీను ఈసారి లేదంటే మధ్యలో తీసేసింది ఎవరని నిలదీశారు. ఆ ముక్క మూడుసార్లు మళ్ళీ వేసి చూపించాను. ఆవిడ కూర్చుంటుంది, అడుగుతుంది, లేస్తుంది, ఎక్కుతుంది.

"చూశారా, ఆవిడ అడగడానికీ లేవడానికీ మధ్య ఖాళీ ఉంది" అన్నాడు పళ్ళ డాక్టరు, తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపిస్తూ. "పీకిన చోటు ఇలాగే ఉంటుంది. నేను రోజూ చూస్తాను."

నేను సీను దొంగనట! పదకొండేళ్ళు ఈ హాలుకి ఊడిగం చేసినవాణ్ణి!

జడ్జిగారు అందర్నీ కూర్చోమన్నారు. రిటైరై ఆరేళ్ళయింది, ఆయన ముఖంలో ఇంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. విచారణ సంఘం వేస్తున్నానని, అధ్యక్షుడు తనేనని ప్రకటించారు.

మార్చి 19, మంగళవారం

విచారణ. హాలులో బల్ల వేశారు. సాక్షులు ఒక్కొక్కరే వచ్చి, ఆ రోజు మెట్లు ఏమన్నాయో చెప్పాలి. మిగతావాళ్ళు వినకుండా బయట వరండాలో ఉండాలి. రాసుకోవడం నా పని. ముద్దాయి చేత రాయించడం ఏ కోర్టులో ఉందో నాకు తెలియదు. నా దస్తూరీ బాగుంటుందట.

లిఫ్టు మెకానిక్ చెప్పింది: "'నువ్వేం బరువు లేవు, ఎక్కు' అన్నాయండీ. గొంతు కాస్త బొంగురుగా ఉంది."

పళ్ళ డాక్టరు చెప్పింది: "'తలుపు తీసే ఉంచాను' అన్నాయి. ఇల్లే లేదు కదా, తలుపేమిటని నాకప్పుడే అనిపించింది. కానీ అలాగే అన్నాయి."

ఎదురింటి పిన్ని చెప్పింది: "'తిన్నావా?' అన్నాయి. అంతే. ఇంకేం అనలేదు." ఆ ముక్క చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది. బాబాయి పోయి తొమ్మిదేళ్ళు.

ఈత మాస్టారు కూడా సాక్ష్యం చెప్పాడు. ఆ రోజు అతను కింద నీళ్ళలో ఉన్నాడు. అయినా నేల గుండా విన్నాడట. "'ఊపిరి గట్టిగా పీల్చుకో' అన్నాయి సార్."

మొత్తం పద్నాలుగు మంది చెప్పారు. పద్నాలుగు మాటలు. ఒక్కటీ ఇంకోదానితో కలవదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు" అన్నాను.

"వివరాల్లో తేడా ఉంది. సంఘటన జరిగిందనడంలో తేడా లేదు" అన్నారు జడ్జిగారు. "రాసుకోండి."

"మరి మీరేం విన్నారు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను చేసిచ్చిన కళ్ళజోడే. చాలాసేపు తుడిచారు. "అది రికార్డులో అక్కర్లేదు" అన్నారు.

అక్కడితో పోయేదే. ఈలోగా లిఫ్టు మెకానిక్ మైకు విప్పి చూశాడు. "మైకు శుభ్రంగా ఉందండీ. వైరు ఊడింది, అంతే" అన్నాడు.

"ఎలకలు" అన్నాను.

"ఎలకలు ప్లగ్గు ఊడదీసి, వైరు నీటుగా చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మీ సొరుగులో పెట్టవు కదండీ."

అది కూడా రాసుకోమన్నారు. రాశాను. తీర్పు కూడా నా చేతే రాయించారు. వచ్చే ఆదివారం నాలుగింటికల్లా ఆ సీను తెచ్చి చూపించాలి. లేకపోతే హాలు తాళాలు సంఘానికి ఇచ్చేసి నేను తప్పుకోవాలి.

మార్చి 20, బుధవారం

సరే. రాసేస్తాను. ఇది నేను తప్ప ఎవరు చదువుతారు గనక.

వైరు పీకింది నేనే.

ఆ ముందు రోజు సాయంత్రం ఆవిడ బట్టలు మడత పెడుతూ, "రేపటి సినిమాలో మెట్లు ఏమీ అనవా?" అని అడిగింది. "అనవు. అనకూడదు. ఆ మౌనమే దాని ప్రాణం. నోట్సులో ఉంది చూడు" అన్నాను. "పాపం, ఆవిడ అంత అడుగుతుంది కదా" అంది. అంతే, నాకు లోపల ఒకటే అనుమానం. ఈ మనిషి రేపు మెట్ల చేత ఏదో ఒకటి అనిపించి, రెండున్నర పేజీలు గంగలో కలుపుతుంది అని. ఆదివారం ఆవిడ మైకు దగ్గరికి వంగి "అప్పుడు మెట్లు" అనగానే, నా చెయ్యి దానంతట అదే వెళ్ళి మిషన్ పక్కనున్న మైకు వైరు పట్టుకుని లాగేసింది. దానంతట అదే అని రాశాను. కాదు, నేనే లాగాను. చుట్ట చుట్టింది కూడా నేనే.

అరవై మంది ముందు, మాట నోట్లో ఉండగా ఆవిడ గొంతు తీసేశాను. ఆవిడ చూసిన చూపు ఉందే, అందులో కోపం ఉన్నా బాగుండేది.

మోకాలూ లేదు ఏమీ లేదు. వదిన ఆ మోకాళ్ళతో కొండ ఎక్కి దిగగలదు.

ఇంట్లో నేను మాట్లాడనా? మాట్లాడతాను. "తాళం ఎక్కడ", "నీళ్ళు వచ్చాయా", "లైటు తీసెయ్". చెప్పాల్సినవి ఏవైనా ఉంటే నోట్సు రాస్తాను. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను ఎన్నిసార్లు ఏదో అడిగి, నేను తలెత్తేలోగా వంటింట్లోకి వెళ్ళిపోయిందో లెక్క లేదు.

తాళాలు పోతే పోనీ. సీను లేకపోతే మాననీ. ఆవిడ ఇంక రాకపోతే నేనేమైపోను? పదిహేడు రోజులైంది.

మార్చి 21, గురువారం

దుకాణం మూసేసి ఆసుపత్రికి వెళ్ళాను.

ఎంక్వయిరీ కౌంటర్ ముందు పదకొండు మంది వరస. అడ్డంగా లోపలికి దూరబోతే ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఒకాయన "వరసలో రండి సార్, అందరం జబ్బు మనుషులమే" అన్నాడు. ఆయన వెనకే నిలబడ్డాను. అరగంట పట్టింది. అద్దానికి అవతల ఆవిడ. నీలం చీర. చిక్కినట్టు కనబడింది. నాకే అలా కనబడిందేమో.

"ఏ డిపార్ట్‌మెంటండీ?" అంది తలెత్తకుండా.

"నేనే."

"కనబడుతూనే ఉంది. ఏ డిపార్ట్‌మెంటు?"

"ఇంటికెప్పుడొస్తావు?"

"అది ఈ కౌంటర్లో చెప్పరు. తర్వాత ఎవరండీ?"

వెనకావిడ చంటిబిడ్డతో ముందుకు తోసుకొచ్చింది. మళ్ళీ వెళ్ళి వరస చివర నిలబడ్డాను. ఎక్స్‌రే ఆయన కూడా తప్పు అంతస్తుకి వెళ్ళి తిరిగొచ్చాడు, ఈసారి నా వెనక చేరాడు. రెండోసారి నా వంతు వచ్చింది.

"వైరు పీకింది నేనే" అన్నాను.

"తెలుసు. ఆ చేతినే చూస్తున్నాను కదా అప్పుడు. తర్వాత."

మూడోసారి. ఈసారి పద్నాలుగు మంది ఉన్నారు. సెక్యూరిటీ అతను నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. నా వంతు వచ్చింది.

"మెట్లు ఏమన్నాయి?" అన్నాను. "ఆ రోజు ఏం చెప్పావు? ఊరంతా నన్ను అదే అడుగుతోంది. పద్నాలుగు మంది పద్నాలుగు రకాలుగా విన్నారు. నాకొక్కడికే తెలియదు."

ఆవిడ అప్పుడు తలెత్తింది. చేతిలో పెన్ను కింద పెట్టింది.

"ఏ మెట్లు? ఎడమవైపువా?" అన్నాడు వెనక ఎక్స్‌రే ఆయన.

"ఏమీ అనలేదు" అంది ఆవిడ.

"అంటే?"

"'అప్పుడు మెట్లు ఏమీ అనలేదు.' అదీ నేను చెప్పింది. మైకు లేక మీకు వినబడలేదు."

"నేను... నువ్వు ఏదో ఒక మాట కల్పించి చెబుతావని..." అన్నాను.

"పక్కనుండి ఒక్క మాట అనని మనిషి ఎలా ఉంటాడో ఇరవై తొమ్మిదేళ్ళుగా చూస్తున్నానండీ. ఏ సీను తప్పు చెప్పినా, ఆ సీను నేనెందుకు తప్పు చెబుతాను?"

ఏదో ఒకటి అనాలని అద్దానికున్న కన్నం దాకా వంగాను. ఆవిడ చూస్తూనే ఉంది, ఎదురుచూస్తూనే ఉంది. అలా ఎంతసేపు వంగి ఉన్నానో. సెక్యూరిటీ అతను వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"తర్వాత" అంది ఆవిడ. ఈసారి గొంతు మామూలుగా లేదు.

మార్చి 22, శుక్రవారం

అక్కడ ఎందుకు నోరు పెగల్లేదు నాకు? ఏం రోగం?

మార్చి 23, శనివారం

వదినకి ఫోన్ చేశాను. ఆదివారం నాలుగింటికి ఆఖరిసారి సినిమా వేస్తున్నానని ఆవిడతో చెప్పమన్నాను. "నువ్వే చెప్పు" అంది వదిన. ఫోన్ చేతులు మారింది. అవతల ఊపిరి వినబడింది. "ఆదివారం నాలుగింటికి" అన్నాను. "ప్రతి ఆదివారం నాలుగింటికే కదా" అని పెట్టేసింది.

మార్చి 24, ఆదివారం

హాలు కిటకిటలాడింది. ఈత మాస్టారు కొలనుకి సెలవు ప్రకటించి మరీ పైకొచ్చాడు. ముందు వరసలో బల్ల, బల్ల వెనక జడ్జిగారు. నాలుగుకి రెండు నిమిషాలుండగా వదిన రెండేసి మెట్లు దాటుకుంటూ పైకొచ్చింది. వెనకాల ఆవిడ. హాలంతా చప్పట్లు. జడ్జిగారు లేచి, "రండమ్మా, స్టూలు మీద కూర్చోండి" అన్నారు.

"ఇవాళ చూడటానికే వచ్చానండీ" అని మూడో వరసలో కూర్చుంది.

స్టూలు మీద నేనే కూర్చున్నాను. నోట్సు తెచ్చుకోలేదు. ఇంటి దగ్గరే వదిలేశాను. మైకుకి వైరు మాత్రం మళ్ళీ తగిలించాను.

"ఈయన మెట్లయిపోయాడు. ఎందుకో నాకూ తెలియదు" అని మొదలుపెట్టాను. ఎవరో "అబ్బ, నయం" అన్నారు. తోచినట్టు చెప్పుకుంటూ పోయాను. ఆవిడ తుడుస్తోంది. ఇప్పుడు తిడుతోంది. తిట్టాక మళ్ళీ తుడుస్తోంది. ఇల్లు పడగొట్టారు. ఆ సీను వచ్చింది. మైదానంలో ఆవిడ కింది మెట్టు మీద కూర్చుంది. అడిగింది.

"అప్పుడు మెట్లు ఏమీ అనలేదు" అన్నాను.

ఒక్కసారిగా గోల. "అబద్ధం!" అన్నాడు లిఫ్టు మెకానిక్. తలో మాటా అరుస్తున్నారు, బరువంటారు, తలుపంటారు. పిన్ని కుర్చీ పట్టుకుని లేచింది. "ఏమీ అనకపోతే మరి అంత ఎత్తు ఎందుకు ఎక్కిందయ్యా ఆవిడ? మతి పోయా?"

తెర మీద ఆవిడ లేచి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కడం మొదలుపెట్టింది. మైకు నా చేతిలో ఉంది. మూడో వరసలో ఆవిడ నన్ను చూడటం లేదు, తెర వైపే చూస్తోంది. ఇంకో నిమిషం ఆగితే సినిమా అయిపోతుంది.

"నాకు మాట్లాడటం రాదు" అన్నాను. మైకులోంచి నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వచ్చనుకున్నాను. నాకొచ్చింది రాయడం. ఆ రోజు నీ నోరు నొక్కింది నేనే. అందరి ముందూ నొక్కాను, అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది. నువ్వు సరిగ్గానే చెప్పావు. నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ ఇంట్లో పైకి అన్న మాట ఒక్కటి లేదు. గుడ్లు పగిలితే పగిలాయని చెప్పడానికి కూడా మనిషి లేదు. నువ్వు అడిగినప్పుడల్లా నాకు వినబడింది. వినబడనట్టు ఉన్నాను, అంతే. నాకు భయంగా ఉంది. వచ్చెయ్."

తెర మీద ఆవిడ చివరి మెట్టు దాకా ఎక్కి నిలబడింది. సినిమా అయిపోయింది. లైట్లు ఈత మాస్టారు వేశాడు. పిన్ని ఏడుస్తోంది. పళ్ళ డాక్టరు కూడా.

"ఇదే! ఆ రోజు నేను విన్నది ఇదే!" అంది పిన్ని.

"అక్షరం పొల్లు పోలేదు" అన్నాడు లిఫ్టు మెకానిక్.

"గుడ్ల సంగతి కూడా నేల గుండా వినబడింది సార్ అప్పుడు, చెప్పడం మర్చిపోయాను" అన్నాడు ఈత మాస్టారు.

"అయ్యా, ఇది మెట్లు అన్నది కాదు. నేను అన్నది!" అని మొత్తుకున్నాను.

"మీరెందుకంటారు? మీరు సెక్రటరీ కదా" అన్నారు జడ్జిగారు. ఆయన కళ్ళజోడు మళ్ళీ చేతిలో ఉంది. "సీను దొరికింది. సెక్రటరీగారు ఇన్నాళ్ళూ దాచి, ఇవాళ బయటపెట్టారు. ఇక ఒక్క లాంఛనం మిగిలింది. అమ్మా, మొదట చెప్పింది మీరు. ఆ రోజు మెట్లు అన్నది ఇదేనా?"

అందరూ మూడో వరస వైపు తిరిగారు. అవునంటే చాలు, తాళాలు నావి, క్లబ్బు నాది. ఆవిడ నిదానంగా లేచింది. పమిట సర్దుకుంది. నా వంక చూసింది.

"కాదండీ" అంది. "మెట్లు ఆ రోజూ ఏమీ అనలేదు, ఇవాళా ఏమీ అనలేదు. ఇప్పుడు మీరు విన్నది మా ఆయన అన్నది."

జడ్జిగారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. "అయితే సీను దొరకనట్టే" అన్నారు చివరికి, చాలా బాధగా. నేను తాళాలు తీసి బల్ల మీద పెట్టాను.

మార్చి 25, సోమవారం

క్లబ్బు ఇప్పుడు సంఘానిది. వచ్చే ఆదివారం చేపల సినిమా వేస్తారట. కథ చెప్పడానికి ఆవిణ్ణి పిలిచారు, ఆలోచిస్తానంది. నన్ను కుర్చీలు వెయ్యడానికి రమ్మన్నారు. నేనూ ఆలోచిస్తానన్నాను.

నిన్న హాలు నుంచి తిన్నగా వదిన వాళ్ళింటికి వెళ్ళాం, ఆవిడ పెట్టె తెచ్చుకోవడానికి. బస్సులో ఎనిమిది స్టాపులు వెళ్ళడం, ఎనిమిది స్టాపులు రావడం. వెళ్ళేటప్పుడు వదిన మా మధ్య కూర్చుంది. వచ్చేటప్పుడు పెట్టె నా ఒళ్ళో, ఆవిడ కిటికీ పక్కన. ఆవిడ బయటికి చూస్తూ "ఊఁ" అంటూ ఉంది. మాట్లాడింది నేనే. మా స్టాపు దాటిపోయినా చూసుకోలేదు. ఆవిడ చూసిందట గానీ చెప్పలేదు. రెండు స్టాపులు వెనక్కి నడిచి వచ్చాం.

బస్సులో ఏం మాట్లాడానో రాద్దామనే ఇందాక కూర్చున్నాను. అంతా ఆవిడకి చెప్పేశాను కదా, ఇక్కడ రాయడానికి ఏమీ మిగల్లేదు.